త్లాకొలూలా సంతలో అత్తయ్య

అమెరికా వీసా ఉన్నవాళ్లకి మెక్సికో వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదని తెలిసినప్పటి నుంచి నాకు కాళ్లు ఆగలేదు. 2018 సంగతి ఇది. అప్పుడు మేం హ్యూస్టన్‌లో ఉండేవాళ్లం. నరసరావుపేట దగ్గరి పల్లె నుంచి మా అత్తయ్య ఆరు నెలలు ఉందామని వచ్చారు. అప్పటికి మూడు నెలలు దాటింది. హ్యూస్టన్‌లో ఆవిడకి నచ్చింది ఒక్కటే, ఎండ. "ఇంత ఎండ ఊరికే పోతోంది అమ్మాయ్, ఈ వాకిట్లో నాలుగు టిక్కీల కాయలు ఆరబెట్టొచ్చు" అని రోజుకి ఒకసారైనా అనేవారు. టిక్కీ అంటే మిరపకాయల బస్తా. మామయ్యా ఆవిడా కలిసి ముప్పై ఏళ్లు మిరప వేశారు. మామయ్య పోయాక పొలం కౌలుకిచ్చేశారు గానీ ఆవిడ ప్రాణం ఇంకా కల్లంలోనే ఉండేది.

షాపింగ్ మాల్‌కి తీసుకెళ్తే కూర్చోడానికి బెంచీ వెతుక్కునేవారు. నయాగరా చూపిస్తే "బాగుంది, సాగర్ గేట్లెత్తినట్టుంది" అన్నారు. ఈవిడకి ఏం చూపించాలా అని ఆలోచిస్తుంటే నాకు సంత గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే సంత చూడాలన్న సరదా నాది, అత్తయ్య పేరు చెప్పుకున్నాను.

మెక్సికో అంటే మన వాళ్లంతా కాన్‌కున్ సముద్రానికి పోతారు. మేం దక్షిణాన ఉన్న వహాకాకి టికెట్లు కొన్నాం. వహాకా నగరం చుట్టూ ఉన్న లోయలో వారం పొడుగునా ఎక్కడో ఒకచోట సంత ఉంటుంది. బుధవారం ఎట్లా, గురువారం సాచీలా, శుక్రవారం ఓకోత్లాన్, శనివారం వహాకా నగరం, ఆదివారం త్లాకొలూలా. ఎట్లా అనేది ఊరి పేరే. "ఎట్లా వెళ్లాలి?" అని అత్తయ్యకి ఆ ఊరి మీద ఎన్ని జోకులు వేశానో లెక్కలేదు. స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఇక్కడ సంతలు ఇలా నడుస్తూనే ఉన్నాయి. సంతని అక్కడ తియాంగీస్ అంటారు, అది అజ్టెక్‌ల నాహువాత్ల్ భాష నుంచి వచ్చిన మాట. మాలినోవ్‌స్కీ అనే పేరున్న మానవశాస్త్రవేత్త 1940, 41లలో పనిగట్టుకుని వచ్చి ఈ సంతల మీదే పరిశోధన చేశాడు.

మా వారికి సెలవు దొరకలేదు. ఎయిర్‌పోర్టులో దింపుతూ రెండే మాటలు చెప్పారు. అక్కడి నీళ్లు తాగొద్దు, రోడ్డు పక్కన ఏదీ తినొద్దు. ఆయనకి మమ్మల్ని పంపడమే టెన్షన్. ఆ రెండు మాటలూ ఆదివారం పదకొండింటికల్లా గాలికి పోయాయి.

శనివారం రాత్రి దిగి, ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. త్లాకొలూలా వహాకాకి 30 కిలోమీటర్లుంటుంది. కొలెక్టీవో అని షేర్ ట్యాక్సీలు తిరుగుతాయి, అచ్చం మన షేర్ ఆటోల పద్ధతే. వెనక ముగ్గురు, ముందు డ్రైవరు పక్క సీట్లో ఇద్దరు. వెనక అత్తయ్యకీ నాకూ మధ్య ఒకావిడ కూర్చుంది. ఆవిడ ఒళ్లో కాళ్లు కట్టేసిన టర్కీ కోడి. అత్తయ్య కోడి రెక్క కింద చెయ్యి పెట్టి బరువు చూశారు. ఆవిడ నవ్వి వేళ్లతో ఏదో ధర చెప్పింది. అత్తయ్య తల అడ్డంగా ఊపి తన వేళ్లు చూపించారు. ఊరికే. కొనేది లేదు, వండేది లేదు, బేరం మాత్రం ఆగలేదు. దారిలో తూలె అనే ఊళ్లో 14 మీటర్ల అడ్డకొలత ఉన్న మహావృక్షం కనబడుతుంది, లోకంలోనే అంత లావు మొదలు ఉన్న చెట్టు అదేనంటారు. అది చూపిస్తే "తిమ్మమ్మ మర్రిమానుని చూశాక ఇంకేం చూస్తాం" అని మళ్లీ కోడి వైపు తిరిగారు.

సంత మొదలయ్యే చోట నేను చేసిన పని ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది. వీధికి అడ్డంగా నీలం, గులాబి రంగు పట్టాలు కట్టి ఉన్నాయి. వాటిలోంచి దిగిన ఎండ కింద కూర్చున్న మనుషుల మీద రంగురంగులుగా పడుతోంది. ఒక పెద్దావిడ చాప మీద కూర్చుని ఉంది. పూలు కుట్టిన గళ్ల ఏప్రాను, తలకి చుట్టుకున్న పట్టు శాలువా, ముందు నాలుగు పోగులు వెల్లుల్లి. ఫోన్ తీసి క్లిక్ మనిపించాను. ఆవిడ శాలువా చెంగు లాగి మొహానికి అడ్డం పెట్టుకుంది, చెయ్యి విసిరి ఏదో అంది. స్పానిష్ కూడా కాదు, అక్కడి స్థానికుల జపోటెక్ భాష. అర్థం తెలియకపోయినా తిట్టని తెలుస్తూనే ఉంది. పక్క చాపల వాళ్లు కూడా నా వైపు తిరిగారు.

అత్తయ్య వెనక్కి రానే లేదు. తిన్నగా వెళ్లి ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, ఒక వెల్లుల్లి పాయ తీసి నొక్కి చూసి, రెండు పోగులు సంచిలో వేయించుకున్నారు. డబ్బులు నేనిచ్చాను. ఆవిడ నా మొహం చూడలేదు, చిల్లర మాత్రం అత్తయ్య చేతిలో పెట్టింది. కాస్త దూరం వచ్చాక అత్తయ్య అన్నారు, "కొనకుండా ఫోటో తీస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మన సంతకి ఎవడన్నా వచ్చి నన్నట్టా తీస్తే నేనూరుకుంటానా?" ఫోన్ బ్యాగులో పడేశాను. అందుకే ఆ రోజు ఫోటోలు నా దగ్గర ఎక్కువ లేవు, ఆ రోజు మాత్రం మొత్తం గుర్తుంది.

అక్కడి పట్టాల తాళ్లు చాలా కిందికి ఉంటాయి. ఆరడుగుల టూరిస్టులంతా వంగి వంగి, నుదుళ్లు తాళ్లకి కొట్టుకుంటూ నడుస్తున్నారు. మా అత్తయ్య నాలుగడుగుల పదంగుళాలు. తల ఎత్తుకుని, సంచి చంకలో పెట్టుకుని, సొంత ఊళ్లో నడిచినట్టు నడిచారు. ఆవిడ చీర చూసి జనం దారిచ్చారు, కొందరు ఆడవాళ్లు కొంగు పట్టుకుని నేత చూశారు. అక్కడికి దగ్గర్లోనే తెయోతిత్లాన్ అని నేత ఊరు ఉందిలెండి, బట్ట విలువ వాళ్లకి తెలుసు.

పూల వరస దగ్గర అత్తయ్య ఆగిపోయారు. అది అక్టోబరు 28. నవంబరు 1, 2 తేదీల్లో వచ్చే పెద్దల పండగకి ముందు ఆఖరి ఆదివారం. వీధి వీధంతా బంతిపూలు. మోపులు మోపులుగా, మనిషెత్తు గుట్టలు. పక్కన ముదురు ఎరుపు కోడిజుట్టు పూలు. వాటిని స్పానిష్‌లో ఏమంటారని అడిగితే క్రెస్తా దె గాయో అన్నారు, అంటే కోడిపుంజు జుట్టు. వాళ్లకీ మనకీ ఒకటే తోచింది. బంతిపువ్వు పుట్టిల్లు మెక్సికోయే అని చెబితే అత్తయ్య నమ్మలేదు. "మరి మన గొబ్బెమ్మల మీద ఏం పెట్టేవాళ్లు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. వాళ్ల పేరు సెంపసూచిల్, నాహువాత్ల్‌లో ఇరవై పువ్వు అని అర్థం, అన్ని రేకులుంటాయని.

అక్కడి నుంచి అత్తయ్యకి ఇదొక ఆట అయిపోయింది. జామకాయలు కనబడితే "ఇదీ వీళ్లదేనా?" ఆ చుట్టుపక్కలదే అత్తయ్యా. సీతాఫలం? అదీ అంతే. సపోటా? పేరే ఇక్కడిది. బొప్పాయి, మొక్కజొన్న, తీపి గుమ్మడి, టమాటా? అన్నీ ఈ వైపు నుంచి వచ్చినవే. వేరుశనగ అయితే ఇంకా కింద, దక్షిణ అమెరికాది. "అయితే రాముడూ సీతా ఏం పండు తిన్నారు మరి?" అని ఆవిడ గట్టిగానే నిలదీశారు. చింతపండు కుప్ప చూపించి, ఇది మాత్రం మన వైపు నుంచే వచ్చిందని చెబితే కాస్త శాంతించారు. మామిడిపండూ అంతే. ఫిలిప్పీన్స్‌లోని మనీలా నుంచి మెక్సికోలోని అకపుల్కో రేవుకి 1565 నుంచి 1815 దాకా ఏటా ఓడలు నడిచేవి. అందుకే ఇప్పటికీ అక్కడ ఒక రకం మామిడిని మనీలా మామిడి అంటారు. ఒక బండి మీద ఎండిన ముదురెరుపు మొగ్గలు పోసి ఉంటే అత్తయ్య రెండు నోట్లో వేసుకుని, "పుల్ల గోంగూర మొగ్గలమ్మాయ్!" అని అరిచారు. నిజంగానే గోంగూర మొగ్గలు. వాళ్లు దాన్ని హమాయికా అంటారు, నీళ్లలో మరిగించి, పంచదార వేసి, చల్లార్చి తాగుతారు. గోంగూరలో పంచదార! గుంటూరు జిల్లా మనిషి తట్టుకోగలిగే మాట కాదది.

ఇంక మిరపకాయల సంగతి.

సంత మధ్యలో, చర్చి గోడ పక్కన, నలభై ఏళ్లుండే ఒకావిడ బుట్టల్లో ఎండుమిరపకాయలు పోసుకుని కూర్చుంది. ఏడెనిమిది రకాలు. నల్లవి, గోధుమరంగువి, ఇటుకరంగువి. పొట్టిగా బొద్దుగా ఉన్నవి, పొడుగ్గా ముడతలు పడినవి. మన కళ్లకి అలవాటైన నిగనిగలాడే ఎరుపు ఒక్క బుట్టలోనే ఉంది. టూరిస్టులు వచ్చి, వంగి, వాసన చూసి, తుమ్మి, నవ్వుకుని పోతున్నారు. ఆవిడ వాళ్లని పట్టించుకోవడం లేదు.

అత్తయ్య చీర కుచ్చిళ్లు సర్దుకుని నేల మీద చతికిలబడ్డారు. నల్లకాయ ఒకటి తీశారు. తొడిమ పట్టుకుని చెవి దగ్గర ఊపారు, గింజ గలగల్లాడుతోందా లేదా అని. తర్వాత బొటనవేలి గోరుతో తోలు గీరి చూశారు. మడిచారు, విరగలేదు, తోలులా వంగింది. తేమ ఉందన్నట్టు పెదవి విరిచారు. పొట్ట దగ్గర చీల్చి లోపల బూజుందేమో వెలుతురుకి పెట్టి చూశారు. గింజ ఒకటి ముందు పళ్లతో కొరికారు. ఈ పని అంతా చేస్తున్నంతసేపూ ఆవిడ మొహంలో ఏమీ లేదు, గుంటూరు మిర్చి యార్డులో ఉన్నట్టే ఉన్నారు. చివరికి బుట్టలో చెయ్యి అడుగుదాకా పోనిచ్చి ఒక గుప్పెడు పైకి తీసి, అందులోంచి రంగు తేలిన రెండు కాయలు వేరు చేసి పక్కన పెట్టి, "తాలు" అన్నారు.

అమ్మే ఆవిడ అప్పటిదాకా ఇంకో బుట్ట సర్దుకుంటోంది. ఆ రెండు తాలుకాయలు పక్కన పెట్టడం చూసి చెయ్యి ఆపింది. ఒక్క మాటా అనలేదు. వెనక్కి తిరిగి, తన వీపు వెనక దాచుకున్న గుడ్డసంచి లాగి, మూతి విప్పి అత్తయ్య ముందు పెట్టింది. అవే కాయలు. కానీ ఒక్కటి విరిగింది లేదు, ఒక్కటి తెల్లబడింది లేదు. అత్తయ్య ఒక కాయ ఊపారు. గలగలమంది. "ఆఁ, ఇదీ సరుకు" అన్నారు తెలుగులో. ఆవిడ తన భాషలో ఏదో అంది. ఇద్దరూ తలలూపుకున్నారు. నా అవసరం వాళ్లిద్దరికీ లేకుండా పోయింది.

ఆ కాయ పేరు చిల్వాక్లే. వహాకా రాష్ట్రంలోనే ఒక లోయలో పండుతుంది, పంట తక్కువ. వాళ్ల పెళ్లిళ్లకీ పండగలకీ చేసే నల్ల మోలే అనే పులుసుకి అదే ప్రాణం. ముప్పై దాకా దినుసులు పడతాయి అందులో, చాక్లెట్‌తో సహా. మిరపగింజల్ని బొగ్గయ్యేదాకా మాడ్చి మరీ వేస్తారు. ధర అడిగాను. కిలో ఎనిమిది వందల పెసోలు, అప్పటి లెక్కన దాదాపు మూడు వేల రూపాయలు. అత్తయ్య గుండె మీద చెయ్యేసుకున్నారు. "మన యార్డులో కిలోకి వందొస్తే ఇంటికి స్వీటు పట్టుకెళ్తాం. ఈవిడకి మూడు వేలా!" అసూయా గౌరవమూ కలిసిన గొంతు అది.

ఇంకో బుట్టలో ముడతల కాయలున్నాయి, పసీయా అంటారు. వాసన చూసి అత్తయ్య మొహం మాడ్చారు. "కోల్డ్ స్టోరేజీ తగలబడితే తెచ్చిన సరుకులా ఉందే" అన్నారు. అది పొగ వాసన. కొండల్లో మిహే అనే తెగవాళ్లు పండించి, పొగ మీద ఆరబెట్టే కాయ అది. కాయకి పొగ తగిలితే ధర పడిపోతుందని ముప్పై ఏళ్లు భయపడిన మనిషికి, కావాలని పొగపెట్టే వాళ్లుంటారని చెబితే ఎలా ఉంటుంది? అయినా పావు కిలో కొన్నారు. "చూద్దాం, పచ్చడికి ఎట్టా ఉంటుందో."

అసలు మిరపకాయే ఇక్కడి నుంచి వచ్చిందని అప్పుడు చెప్పాను. బంతిపువ్వుకి ఊరుకున్న మనిషి దీనికి ఊరుకోలేదు. పోర్చుగీసు వాళ్లు పదహారో శతాబ్దంలో ఓడల్లో గోవాకి తెచ్చారనీ, అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియమేననీ, మిరపకాయ పేరు కూడా ఆ మిరియం నుంచే వచ్చిందనీ చెప్పుకుంటూ పోయాను. అత్తయ్య కాసేపు ఆలోచించి అడిగారు, "అయితే పల్నాటి యుద్ధం నాటికి?" అది పన్నెండో శతాబ్దం కదా, అప్పటికి మిరపకాయ లేదు అన్నాను. "అంటే బ్రహ్మనాయుడు చాపకూట్లో మిరపకాయే లేదా! కారం లేకుండానే అంత పౌరుషమా!" అని ఆవిడ నవ్విన నవ్వుకి మిరపకాయల ఆవిడ కూడా, ఏమిటో తెలియకుండానే, నవ్వేసింది.

తూకం అయ్యింది. డబ్బులిచ్చాను. లేవబోతుంటే అత్తయ్య కదల్లేదు. కుడి అరచెయ్యి తెరిచి ముందుకు చాపి, "కొసరు" అన్నారు.

నేను కంగారుపడి స్పానిష్‌లో ఏదో సర్దిచెప్పబోయాను. ఆవిడ అప్పటికే ఇటుకరంగు బుట్టలోంచి ఒక దోసెడు తీసి అత్తయ్య సంచిలో పోసింది. "పిలోన్, మార్చాంతా" అంది. పిలోన్ అంటే కొసరే. పూర్వం కొట్లవాళ్లు సరుకు కొన్నవాళ్లకి శంకువులా పోతపోసిన చిన్న బెల్లం అచ్చు ఊరికే ఇచ్చేవారట, దాని పేరే పిలోన్. మార్చాంతా అనేది సంతలో పిలుపు. అమ్మేవాళ్లు కొనేవాళ్లని, కొనేవాళ్లు అమ్మేవాళ్లని, ఇద్దరూ అదే అంటారు. పొద్దున్నుంచీ నన్ను అందరూ అమ్మగారూ అన్నట్టు సెన్యోరా అంటున్నారు. మార్చాంతా అని ఒక్కరూ అనలేదు.

తిండి దగ్గరికొస్తే, ముందు తెహాతె తాగాం. పెద్ద మట్టి బానలో ఒకావిడ మోచేతిదాకా చెయ్యి పెట్టి కలుపుతోంది. కాల్చిన కకావ్ గింజలు (చాక్లెట్ చేసేవి), మొక్కజొన్న, మమేయి పండు గింజ, ఒక సువాసన పువ్వు. అన్నీ కలిపి నూరిన ముద్దని చన్నీళ్లతో కలుపుతూ, ఎత్తు నుంచి పోస్తుంటే పైన తెల్లటి నురగ కడుతుంది. దాన్ని ఎర్రరంగు వేసి పూలు గీసిన బుర్రలో పోసిస్తారు. ఆ బుర్రని హీకరా అంటారు, మన సొరబుర్రలాంటిదే గానీ అది చెట్టుకి కాస్తుంది. అత్తయ్య ఒక గుక్క తాగి, "అంబలే, పెళ్లికి ముస్తాబైంది" అన్నారు. రెండు తాగారు. బుర్ర నచ్చి, పక్కన అమ్ముతుంటే ఒకటి కొన్నారు. నీళ్ల సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికే ఆలస్యమైంది.

సంతకి ఆనుకుని పెద్ద షెడ్డులాంటి మార్కెట్టు ఉంది. అక్కడ మాంసం కొనుక్కుని, పక్కనే మండుతున్న బొగ్గుల పొయ్యి మీద మనమే కాల్చుకోవచ్చు. త్లాకొలూలాలో వేట మాంసం పేరున్న సరుకు. గొయ్యి తవ్వి, నిప్పులు చేసి, మాంసం పెట్టి పూడ్చి రాత్రంతా ఉడికిస్తారు. ఎర్రటి పులుసుతో ఇస్తారు. నీసు తినని ఆదివారం ఆదివారమే కాదు కాబట్టి అత్తయ్య ఏమీ ఆలోచించలేదు. అన్నం లేదని మాత్రం బాధపడ్డారు. మొక్కజొన్న రొట్టె విరిచి వాసన చూసి, "ఇందులో సున్నం ఉంది" అన్నారు. ఉంది మరి. మొక్కజొన్నని సున్నపు నీళ్లలో ఉడకబెట్టి, పొట్టు తీసి, అప్పుడు రుబ్బుతారు. తాంబూలం వేసుకునే మనిషి కదా, పట్టేశారు. రుబ్బేది మూడు కాళ్ల రాతి పలక మీద, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా పొత్రం తోస్తూ. మన సన్నికల్లుకి కాళ్లు మొలిస్తే అదే.

మిడతల బుట్టల ముందు మాత్రం నేను వెనకాడాను. వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు వేసి వేయించిన చిన్న చిన్న ఎర్ర మిడతలు, చపులీనెస్. అవి తిన్నవాళ్లు వహాకాకి మళ్లీ వస్తారని అక్కడివాళ్లంటారు. అత్తయ్య నాలుగు నోట్లో వేసుకుని కరకరా నమిలేశారు. "చిన్నప్పుడు తొలకరికి ఉసిళ్లు పట్టి వేయించుకునేవాళ్లం. వాటి కంటే ఇవే బాగున్నాయి." పాతికేళ్లలో ఆవిడ ఈ ఉసిళ్ల సంగతి మా ఎవరికీ చెప్పలేదు. నేను తినలేదు. మళ్లీ వెళ్లనూ లేదు.

తిరుగు దారిలో ఊరి బయట బోడి కొండలు చూపించాను. ఆ చుట్టుపక్కలే, మిత్లా అనే ఊరి వైపు గుహల్లో, 10,000 ఏళ్ల నాటి గుమ్మడి గింజలు దొరికాయి. మనుషులు నాటి పెంచిన గుమ్మడి అని గింజల్ని బట్టి తేల్చారు. 2010లో యునెస్కో ఆ గుహల్ని వారసత్వ సంపద జాబితాలో చేర్చింది. అత్తయ్య కిటికీలోంచి చూసి, "విత్తనం దాచుకున్నారన్నమాట" అన్నారు. ఒళ్లో మిరపకాయల సంచి గట్టిగా పట్టుకునే ఉన్నారు.

మేం దిగిన ఇంటి యజమానురాలు హాల్లో పెద్దల కోసం మెట్లమెట్లుగా పీఠం పెడుతోంది. బంతిపూలు, చెరకు గడలు, పైన చిన్న మొహం బొమ్మ అతికించిన రొట్టెలు, వేరుశనగకాయలు, చాక్లెట్, కోపాల్ అనే సాంబ్రాణి. ఎదురుగా చనిపోయినవాళ్ల ఫోటోలు, వాళ్లకిష్టమైన తిండి. అత్తయ్యకి ఇది వివరించక్కర్లేకపోయింది. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టి, ఇష్టమైనవి వండి పెట్టే ఇల్లే మాది. అతిథులు కూడా ఫోటో పెట్టుకోవచ్చని ఆవిడ చెప్పింది. అత్తయ్య పర్సులోంచి మామయ్య పాస్‌పోర్టు సైజు ఫోటో తీసి ఒక రొట్టెకి ఆనించారు. ముందు ఒక చిల్వాక్లే కాయ పెట్టారు. కాసేపయ్యాక దాని పక్కన పొగ వాసన కాయ కూడా పెట్టారు. "రెండూ చూడనీ. కాయ చూడందే ధర చెప్పరు ఆయన."

ఆ యజమానురాలి దగ్గర ఒక పాత నోటు పుస్తకం ఉంది. ఎవరి పెళ్లికి తాము ఎన్ని టర్కీ కోళ్లు, ఎంత మొక్కజొన్న ఇచ్చారో, తమ ఇంటి పెళ్లికి ఎవరు ఏం తెచ్చారో అంతా అందులో రాసి ఉంది. ఈ ఇచ్చిపుచ్చుకోడాన్ని గెలగెత్సా అంటారు. మన చదివింపుల పుస్తకమే. అత్తయ్య స్పానిష్ రాకుండానే పేజీలన్నీ తిప్పి, ఒక చోట వేలు పెట్టి, "వీళ్లు ఇంకా తిరిగి పెట్టలేదు కదూ?" అన్నారు. అడిగితే నిజమే. ఆ గడి ఎదురుగా కొట్టేసిన గీత లేదట.

రాత్రి రెండింటికి నా కడుపు తిరిగింది. తెల్లారేదాకా వాంతులు. నాలుగు మిడతలు, రెండు బుర్రల తెహాతె, వేట పులుసు లాగించిన అత్తయ్య మాత్రం గుండులా ఉన్నారు. యజమానురాలు చామంతిలాంటి ఏదో పూల కషాయం కాచి ఇస్తే, ఆవిడా అత్తయ్యా చెరో పక్కన కూర్చుని నా చేత తాగించారు. మా వారికి ఫోన్‌లో అత్తయ్యే చెప్పారు, "దానికి ఎండ దెబ్బ తగిలిందిరా, ఇంకేం లేదు." ఆ అబద్ధానికి నేను ఆవిడకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

హ్యూస్టన్‌లో దిగాక ఫారంలో ఎండుమిరపకాయలు ఉన్నాయని రాశాం. అవి వదిలేశారు. అత్తయ్య పర్సు అడుగున ఒక జామకాయ కూడా ఉంది, ఆవిడకి గుర్తులేదు, నాకు తెలియదు. అడగ్గానే తీసి ఇచ్చేశారు గనక జరిమానా వెయ్యలేదు. అది చెత్తబుట్టలో పడుతుంటే అత్తయ్య "కసికాయ, రేపటికి దోరగా అయ్యేది" అన్నారు.

పసీయా కాయతో చేసిన గోంగూర పచ్చడి మొదట ఎవరికీ నచ్చలేదు. మూడో రోజుకి గిన్నె ఖాళీ. చిల్వాక్లేలు ఆవిడ ఊరికి పట్టుకెళ్లి, యార్డుకి వెళ్లే వాళ్లందరికీ చూపించి, ధర చెప్పి, వాళ్లు నోళ్లు తెరవడం చూసి ఆనందించారు. కొన్నాళ్లకి అవీ అయిపోయాయి.

హీకరా మాత్రం ఉంది. అత్తయ్య దాన్ని కారం డబ్బాలో కొలతకి వాడుతున్నారు. మొన్న వీడియో కాల్‌లో చూపించారు. పైన ఎర్ర రంగు ఒక పక్కన పెచ్చులూడింది, ఒక పువ్వు పోయింది, రెండు పూలున్నాయి. ఇంకొకటి కొని ఉండాల్సింది అత్తయ్యా అన్నాను.

"కొనడం ఎందుకు? మిరపకాయల మాటల్లో పడి బుర్రకి కొసరు అడగడం మర్చిపోయాను" అన్నారు.